సున్నం గోడ మీద వరిచేను

నలభై ఏడో ఏట నాకు జ్ఞానోదయమైంది. రాజమండ్రిలో మా మిషన్ హైస్కూలు రెండో అంతస్తులో, మధ్యాహ్నం ఆఖరి పీరియడులో అయింది. నేను ఆ బడిలో డ్రాయింగు మాస్టారిని. ఆ రోజు బోర్డు మీద మామిడికాయ వేశాను. పిల్లలు దాన్ని చూసి తమ పుస్తకాల్లో వేసుకుంటున్నారు. మరి నేను దేన్ని చూసి వేశాను? నా చిన్నప్పుడు మా డ్రాయింగు మాస్టారు వేసిన మామిడికాయను గుర్తు చేసుకుని వేశాను. బుద్ధెరిగాక చెట్టున ఉన్న కాయను చూసి ఒక్క గీత గీసిన పాపాన పోలేదు.

ఇలాంటి ఆలోచన మామూలు మనిషికి వస్తే ఓ మామిడికాయ కొనుక్కుని ఇంటికి పోతాడు. నేను కళాకారుణ్ని కాబట్టి ఉద్యోగానికి సెలవు పెడదామని నిర్ణయించుకున్నాను.

ఆ సాయంత్రమే రూబీతో చెప్పాను. రూబీ నా భార్య. అదే బడిలో సైన్సు టీచరు. మంచం నిండా స్లిప్ టెస్టు పేపర్లు పరుచుకుని దిద్దుతోంది.

"రూబీ, నేను ప్రకృతిలోకి వెళ్లిపోతున్నాను," అన్నాను.

"రాత్రి భోజనానికి వచ్చేస్తారా?" అంది తలెత్తకుండా.

నేను వివరంగా చెప్పాను. కొవ్వూరు దాటాక గోదావరి గట్టు కింద మా అత్తగారి ఊరు ఉంది. అక్కడ ఆవిడకి అరెకరం మెరక, దాని పక్కన ఖాళీగా ఉన్న ఒక గది ఉన్నాయి. ఆ గదిలో ఏడాది ఉంటాను. కొన్న రంగు ముట్టను. నేల ఇచ్చిన రంగులతోనే బొమ్మలు వేస్తాను, నేల ఇచ్చిన తిండే తింటాను. బజారు మొహం చూడను. ఇదంతా చెబుతున్నంత సేపూ నా గొంతు నాకే ఎంతో ఇంపుగా వినిపించింది.

రూబీ పెన్ను మూత పెట్టింది.

"మా అమ్మ కూడా నేల మీదే బతికిందండి. అరవై ఏళ్లు. దాన్ని కళ అని ఎవరూ అన్లేదు," అంది.

ఎంత చక్కటి మాట! వెంటనే స్కెచ్ పుస్తకం తీసి మొదటి పేజీలో రాసుకున్నాను, కింద తేదీ కూడా వేశాను. ఆవిడ ఆ మాట నన్ను అంటోందని మాత్రం నాకు తట్టలేదు.

చాలాసేపటికి రూబీ ఒక ఒప్పందం చెప్పింది. ఆవిడ తక్కువ మాట్లాడుతుంది, మాట ఇస్తే నిలబెట్టుకుంటుంది. "నవంబరులో అక్కడ కోత పండగ ఉంటుంది కదండీ. ఆ రోజు చర్చిలో సంఘం ముందు నిలబడి, ఈ ఏడాదంతా నేల మీదే బతికానని సాక్ష్యం చెప్పండి. చెప్తే, నేను ఆ ఊరి మిషన్ బడికి మార్పించుకుని వచ్చేస్తాను. అక్కడే ఉందాం. చెప్పలేకపోతే, మర్నాడు సోమవారమే మీరు వచ్చి ఇక్కడ బడిలో చేరిపోవాలి."

కోత పండగ మాకు పెద్ద పండగ. ఎవరి చేలో పండింది వాళ్లు, గుమ్మడికాయో అరటిగెలో వరికంకుల కట్టో, తెచ్చి బలిపీఠం ముందు పెట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటారు. ఆ తరవాత కొందరు లేచి, ఏడాదిలో దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతారు. అక్కడ అబద్ధం ఆడకూడదని ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. అక్కడికి రావడం రూబీకి ఇష్టమేనా అని అడగలేదు. ప్రకృతి ఎవరికి ఇష్టం ఉండదు?

జీతం లేని సెలవు మీద జనవరిలో అత్తగారి ఊళ్లో దిగాను.

మా అత్తగారు దీనమ్మకి డెబ్బై దాటాయి. ఊడ్పులూ కలుపులూ కోతలూ చేసి చేసి నడుం వంగిపోయింది. నన్ను చూసి చాలా సంబరపడింది. "ఏం పండిద్దామండి బాబుగారూ?" అని అడిగింది. నేను చిరునవ్వు నవ్వి, పండించడమనేదే తప్పని, నేలని దాని మానాన వదిలేస్తే అదే ఇస్తుందని, దున్నడం, తవ్వడం హింసని చెప్పాను. ఆ విషయం ఫోనులో వీడియోలు చూసి తెలుసుకున్నాను. ఆవిడ బుద్ధిగా విని, "ఆయ్, అలాగేనండి," అంది. అరవై ఏళ్లు హింస చేసిన మనిషి అంతకన్నా ఏం అంటుంది?

విత్తనాలు చల్లి, నేలని దాని మానాన వదిలేశాను. నేల మాట నిలబెట్టుకుంది. తుంగ ఇచ్చింది. మడమ మునిగేంత తుంగ. ధనియాలు గుండుగా ఉన్నవి ఉన్నట్టే చల్లాను, ఒక్కటీ మొలవలేదు. వాటిని నలిపి రెండు బద్దలు చేసి చల్లాలట. బెండ మొక్కలు నాలుగు లేచాయి. వాటిని నత్తలు తిన్నాయి. నత్తలకీ బతికే హక్కుందని స్కెచ్ పుస్తకంలో రాసుకుని, నత్త బొమ్మ వేశాను. బొమ్మ బాగానే వచ్చింది గానీ కూరలోకి పనికిరాలేదు.

కళ సంగతి ఇంకా గొప్పగా సాగింది. చిక్కుడాకు నూరి పసరు తీస్తే పచ్చరంగు. కొబ్బరి చిప్ప కాల్చి నూరితే నలుపు. ఏటి ఒడ్డున ఒండ్రుమట్టి బూడిద రంగు, ఎర్రమట్టి ఎరుపు. అన్నిటిలో తుమ్మబంక కలిపితే చాలు, కాగితానికి అతుక్కుంటాయి. బచ్చలిపళ్ల రసంతో గోదావరి మీద సాయంత్రం ఆకాశం వేశాను. ఆ ఊదారంగు చూసి నాకే కళ్లు చెమర్చాయి. రూబీకి చూపిద్దామని ఆదివారం దాకా గోడకి తగిలించి ఉంచాను. బుధవారానికి ఆకాశం వెలిసింది. శుక్రవారానికి గిన్నెలు కడిగిన నీళ్ల రంగుకి వచ్చింది. ఆదివారం రూబీ దాని ముందు నిలబడి చాలాసేపు చూసి, "వర్షం పడేలా ఉందండి," అంది.

అవును, రూబీ ప్రతి ఆదివారం వచ్చేది. పొద్దున్నే రాజమండ్రిలో బస్సెక్కి, వంతెన దాటి కొవ్వూరులో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వచ్చి, తల్లితో పాటు ఆరాధనకి కూర్చుని, భోజనం చేసి, సాయంత్రం వెళ్లిపోయేది. ఆదివారం భోజనంలో నా చేలో కూరగాయలే వండాలన్నది నా పట్టుదల. చేలో లేనప్పుడు ఏమైందని అడుగుతారా? అదే చిత్రం. ఏప్రిల్ దాకా తుంగ తప్ప మరోటి లేని చేలో, జూన్ వచ్చేసరికి వంకాయలు కాశాయి. ఆ తరవాత బెండ, గోరుచిక్కుడు, పాదు మీద ఆనపకాయ. అహింసా సేద్యం ఫలించిందనుకున్నాను. "చూశావా? నేను ముట్టుకోలేదు. ఏమీ చెయ్యకపోవడమే రహస్యం," అన్నాను రూబీతో. ఏమీ చెయ్యకపోవడం మటుకు నేను చాలా శ్రద్ధగానే చేశాను.

చేపలు వీరవేణి తెచ్చేది. ఆవిడ భర్త ఏట్లో వల వేస్తాడు, ఆవిడ బేసిన్ నెత్తిన పెట్టుకుని ఊరంతా అమ్ముతుంది. చేప ఇస్తే బొమ్మ ఇస్తానని ఆవిడతో ఒప్పందం కుదుర్చుకున్నాను, పాతకాలంలో లాగా వస్తువుకి వస్తువు. మొదటి వారం ఓ బొచ్చె చేప ఇచ్చి, దాని బొమ్మ తీసుకుంది. రెండో వారం చేప ఇచ్చి, బొమ్మ చాపితే చేతులు వెనక్కి తీసుకుంది.

"వద్దండి మాస్టారూ. ఒకటి చాలండి. అది చూసి మా పిల్లి భయపడుతోంది," అంది.

చేప మాత్రం ప్రతివారం ఇచ్చింది. నేనూ ప్రతివారం తిన్నాను. ఏరు కూడా ప్రకృతే కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున, మసక వెలుగులో ఆకుల రంగు ఎలా ఉంటుందో చూద్దామని తొందరగా లేచాను. నేను అంత పొద్దున లేవడం ఆ ఊరొచ్చాక అదే మొదలు. చేను మూల మలుపు తిరిగేసరికి వంగమొక్కల మధ్య ఎవరో వంగి కనిపించారు. దీనమ్మ. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చిన్న పారతో సాలు సాలుకీ మట్టి ఎగదోస్తోంది. పక్కన రెండు బిందెల నీళ్లు. తీసిన తుంగ ఒక కుప్పగా గట్టు మీద ఉంది. ఏప్రిల్ నుంచి నా అహింసా సేద్యం చేస్తున్నది ఆవిడ. మళ్లీ విత్తనం వేసిందీ ఆవిడే, నీళ్లు మోసిందీ ఆవిడే. నేను లేచే లోపల పని ముగించి, కాళ్లు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు నాకు టీ కాచి పెట్టేది. అల్లుడు పదిమందిలో చిన్నబోకూడదని.

అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నాకు మొహం చెల్లదు. ఆవిడ నన్ను చూడలేదు. చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి, మంచమెక్కి దుప్పటి ముసుగేసుకున్నాను. ఆ ఆదివారం రూబీకి వంకాయ కూర వడ్డిస్తూ, "ఈ నేలలో ఏదో ఉంది," అన్నాను. దీనమ్మ నెమ్మదిగా తలూపింది. రూబీ తల్లి చేతులు చూసింది, నా చేతులు చూసింది, కూర కలుపుకుని తింది.

అక్టోబరులో పాస్టరు జాషువా గారు నా గదికి వచ్చారు. కుర్రాడు, ఉత్సాహం ఎక్కువ. చర్చిలో బలిపీఠం వెనక గోడంతా కోత పండగకి ఒక బొమ్మ వెయ్యమన్నారు. పండిన వరిచేను, దాని మీద ఆకాశం, అవతల గోదావరి. బంగారు చేను మీద ఆయన ప్రసంగం తయారు చేసుకుంటారట. గోడకి ప్లాస్టిక్ పెయింటు అప్పటికే తెప్పించి ఉంచారు.

"ప్లాస్టిక్కా?" అన్నాను. ఆ మాట అనడంలో నేను చూపించిన వేదన ఏ నటుడూ చూపించలేడు. ప్లాస్టిక్ గోడ మీద నేల రంగులు బతకవని, గోడ ఊపిరి పీల్చాలని, మన తాతల్లాగా స్వచ్ఛమైన సున్నం కొట్టించాలని సంఘ పెద్దల ముందు గంటసేపు మాట్లాడాను. వాళ్లు పెయింటు డబ్బాలు వెనక్కి పంపేసి సున్నం కొట్టించారు. అంటే, ఆ తరవాత జరిగినదానికి గోడని కూడా తప్పు పట్టడానికి వీల్లేకుండా నేనే ఏర్పాటు చేసుకున్నాను.

పండగ ముందు శుక్ర, శనివారాలు బొమ్మ వేశాను. నది ఒండ్రుమట్టితో వచ్చింది. గట్టు ఎర్రమట్టితో, తాటిచెట్లు కొబ్బరి బొగ్గుతో వచ్చాయి. చేను ఆఖర్న వేద్దామని ఉంచాను, అది బొమ్మకి ప్రాణం. దానికి పసుపు కావాలి. వీరవేణి ఇంట్లో పెరట్లో పండించిన పసుపు కొమ్ములుంటే, ఆవిణ్ని అడిగాను.

"ఇన్ని కొమ్ములెందుకండి? ఎవరిదైనా పెళ్లా?" అంది.

"గోడకండి."

"గోడకి పసుపేంటండి!" అని నవ్వి, కొంగు నిండా తెచ్చి ఇచ్చి, చేపలు అమ్ముకోడానికి వెళ్లిపోయింది.

పసుపు నూరి, తుమ్మబంక కలిపి, ముందు కాగితం మీద వేసి చూశాను. బంగారమే. శనివారం సాయంత్రం మొదలుపెట్టి గోడ అడుగున ఈ చివర్నుంచి ఆ చివరికి పట్టించాను. పడమటి కిటికీలోంచి ఎండ వాలుగా పడుతోంది. మా అత్తగారు నిచ్చెన పట్టుకుని నిలబడింది.

"బాబుగారండి, ఎర్రబడుతోందండి," అంది కాసేపటికి.

నేను నిచ్చెన మీంచి జాలిగా చూశాను. "అది రంగు కాదు అత్తయ్యగారూ, వెలుగు. సాయంత్రం వెలుగు పడితే పసుపు అలా కనబడుతుంది. ఇది కన్ను అలవాటు చేసుకోవాలి." ఆవిడ "ఆయ్," అంది. పొద్దుగూకింది. చర్చి తాళం వేసి ఇంటికి వచ్చి, కడుపునిండా తిని, మర్నాటి సాక్ష్యం నాలుగు పేజీలు మళ్లీ ఒకసారి చదువుకుని పడుకున్నాను.

పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుందన్న సంగతి తెలుగుదేశంలో నాకు ఒక్కడికే తెలియదనుకుంటాను. మా నాన్న మిషన్ ఆఫీసులో గుమాస్తా. మహా నిష్ఠగల లూథరన్. చిన్నప్పుడు మా వీధి మలుపులో ఎవరో దిష్టి తీసి పారబోసిన ఎర్రనీళ్లు కనిపిస్తే, కళ్లు మూసుకుని దాటమనేవాడు. అవి దేంతో చేస్తారని అడిగినందుకు ఒకసారి వీపు మీద ఒకటి వేశాడు. పారాణి అన్న మాట విన్నానుగానీ, అది దుకాణంలో సీసాలో దొరుకుతుందని అనుకునేవాణ్ని. అలా భక్తిగా పెరిగి, భక్తిగానే పప్పులో కాలేశాను.

ఆదివారం పొద్దున్న పాస్టరుగారు తాళం తీశారు. వెనక నేను. తలుపు తెరిచేసరికి ఎదురుగా గోడ అడుగున ఈ చివర్నుంచి ఆ చివరికి నెత్తురు. తాటిచెట్లు బాగున్నాయి, నది బాగుంది, వాటి కింద నా బంగారు వరిచేను పెళ్లికూతురి పాదాల్లా ఎర్రగా ఉంది.

పాస్టరుగారు గోడ దాకా నడిచి వెళ్లి, తిరిగొచ్చారు. తరవాత నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

"మాస్టారూ," అన్నారు, "నేను బంగారం అన్నాను. మీరు అంతకన్నా లోతుగా ఆలోచించారు. ఇది రైతు రక్తం కదండీ!"

నేను నోరు తెరిచాను. ఏదో చెప్పబోయాను. ఆ ఏదో నిజమే అయ్యుండేదని నమ్మకంగా చెప్పలేను. "ఊఁ," అన్నాను. అలా మొదలైంది.

జనం రావడం మొదలుపెట్టారు. గుమ్మడికాయలు, కందలు, కొబ్బరిగెలలు, వరికంకుల కట్టలు బలిపీఠం ముందు కుప్పపడ్డాయి. తెచ్చినవాళ్లు తెచ్చింది పెట్టి, తలెత్తి గోడ చూసి, అక్కడే నిలబడిపోయారు. పాస్టరుగారు అందరికీ అర్థం చెబుతున్నారు. ముసలివాళ్లు తలలూపుతున్నారు. ఒకాయన నాకు చేతులెత్తి దండం పెట్టాడు. పండగ చూద్దామని గుమ్మం దాకా వచ్చిన వీరవేణి, లోపలికి తొంగిచూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను గబగబా వెళ్లాను.

"చర్చికి పారాణి పెట్టేరేంటండీ?" అంది గుసగుసగా. "సున్నం మీద పసుపు పూస్తే ఇంకేమవుద్దండి! మా పిల్లలనడిగినా చెబుతారు కదా!"

అప్పటికి రూబీ వచ్చింది. ఆటో దిగి, లోపలికి అడుగుపెట్టి, గోడ చూసింది. ఒక్క క్షణం. నా పక్కగా వెళుతూ మెల్లగా, "ఏడో తరగతి. ఆమ్లాలు, క్షారాలు. ఆ పాఠానికి చార్టు వేసింది మీరేనండి," అంది. వెళ్లి ఆడవాళ్ల వైపు తల్లి పక్కన కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందనుకున్నాను.

ప్రసంగం అద్భుతంగా సాగింది. పాస్టరుగారు బంగారాన్ని ఎక్కడా తలవలేదు. ఎరుపు మీద నలభై నిమిషాలు మాట్లాడారు. చెమట, త్యాగం, నేల కోసం ఒళ్లు అరగదీసుకున్న మన తల్లులు, తండ్రులు. ఆడవాళ్లు ఏడ్చారు. చెప్పడానికి సిగ్గుగా ఉందిగానీ, నాకూ ఏడుపొచ్చింది. సగం ప్రసంగం అయ్యేసరికి నేను నిజంగానే ఆలోచించి వేశానేమోనని నాకే అనుమానం కలిగింది. మొత్తం అయ్యేసరికి అనుమానం తీరిపోయింది, ఆలోచించే వేశాను.

"ఇప్పుడు మన విజయ్ పాల్ మాస్టారు సాక్ష్యం చెబుతారు," అన్నారు పాస్టరుగారు. "ఏడాదిగా మన మధ్య, నేల ఇచ్చింది తిని, నేల ఇచ్చిన రంగుతో దేవుణ్ని స్తుతించిన మనిషి."

నాలుగు పేజీలు చేతిలో పట్టుకుని లేచాను. మైకు ముందు గొంతు సవరించుకున్నాను. రూబీ చెప్పిన మాటే మొదటి వాక్యం.

"ఈ ఏడాదంతా నేను నేల మీదే బతికాను."

"స్తోత్రం!" అని గట్టిగా ఒక గొంతు వినిపించింది. మా అత్తగారు. రెండు చేతులూ పైకెత్తింది. నా అబద్ధానికి దేవుడికి స్తోత్రం చెబుతున్నది ఆవిడ. ఆ చేతుల గోళ్ల నిండా మట్టి ఉంది. పొద్దున్న పండగ రోజున కూడా నా చేలోకి వెళ్లొచ్చిందన్నమాట. ఆవిడ పక్కన రూబీ కళ్లు మూసుకుంది. తలుపు వేసేసిన ఇంట్లా ఉంది ఆవిడ మొహం.

అంత సిగ్గు నాకు జన్మలో ఎప్పుడూ కలగలేదు. మెడ దగ్గర మొదలై చెవుల దాకా వేడెక్కింది. పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నేను ఇప్పుడు చెప్పింది అబద్ధం," అన్నాను.

స్తోత్రానికి లేచిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

"నేను నేల మీద బతకలేదు. మా అత్తగారి మీద బతికాను. నా చేలో నేను పండించింది తుంగ ఒక్కటే. వంకాయలు, బెండకాయలు, ఆనపకాయలు, అన్నీ ఆవిడ పండించినవే. ఆగస్టులో నా కళ్లతో చూశాను. చూసి కూడా దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. చేపలు వీరవేణి ఊరికే ఇచ్చింది. ఈ గోడ..." అని చెయ్యి చూపించాను. పాస్టరుగారి మొహం చూడడానికి ధైర్యం చాలలేదు. "ఇది రైతు రక్తం కాదండి. పసుపు. సున్నం తగిలితే ఎర్రబడుతుందని నాకు తెలియదు. ప్లాస్టిక్ పెయింటు వెయ్యనిచ్చినా ఈ గొడవ ఉండేది కాదు. అయ్యగారు నన్ను మన్నించాలి. మీరందరూ మన్నించాలి."

ముందు గుమ్మం దగ్గర వీరవేణి నవ్వింది. తరవాత వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. ఆ తరవాత చర్చి మొత్తం పగలబడి నవ్వింది. నాకు దండం పెట్టిన పెద్దాయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు, దండం వెనక్కి తీసుకుంటున్నట్టు చేతులు ఊపుతూ. పాస్టరుగారు కాసేపు బిగుసుకుని కూర్చున్నారు. చివరికి ఆయన భుజాలు కూడా కదిలాయి.

"ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు, నవ్వు ఆగాక.

మా అత్తగారు లేచింది. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది.

"మా అల్లుడుగారు మంచోరండి. అబద్ధం చెప్పినా కడుపులో దాచుకోలేరండి," అంది. "ఆయన సోమవారం పట్నం వెళ్లిపోతున్నారు. ఇంక నా చేను నేను పొద్దెక్కాక చేసుకోవచ్చండి. చీకట్లో చేస్తే నడుం పట్టేస్తోందండి. దేవుడికి స్తోత్రం!"

"స్తోత్రం!" అంది సంఘం అంతా ఒక్క గొంతుతో. నేను వెళ్లిపోతున్నందుకు దేవుడికి అంత గట్టిగా కృతజ్ఞత చెబుతుంటే నేనూ ఆగలేకపోయాను. నేను కూడా "స్తోత్రం" అన్నాను.

ఆరాధన అయ్యాక చర్చి వెనక షామియానా కింద వడ్డనలు మొదలయ్యాయి. రూబీ కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే బోరింగు దగ్గర ఒక్కతే నిలబడి ఉంది.

"నవ్వుకో, పరవాలేదు. ఊరంతా నవ్వింది," అన్నాను.

ఆవిడ ఇటు తిరిగింది. నవ్వడం లేదు. ఏడుస్తోంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో రూబీ ఏడవడం నేను రెండుసార్లో మూడుసార్లో చూసి ఉంటాను. నాకు కంగారు పుట్టింది.

హ్యాండ్‌బ్యాగు తెరిచి, మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నాకిచ్చింది. మా బడి కరస్పాండెంటు గారికి రాసిన దరఖాస్తు. కింద సంతకం, నిన్నటి తేదీ ఉన్నాయి. "నా భర్త శ్రీ విజయ్ పాల్ నా స్వగ్రామంలో రైతుగా స్థిరపడినందున, నన్ను అక్కడి మిషన్ పాఠశాలకు బదిలీ చేయవలసిందిగా ప్రార్థన." రూబీ గుండ్రటి చేతిరాత. ఎక్కడా కొట్టివేతలు లేవు.

"ఆరాధన అయ్యాక పాస్టరుగారి చేత సంతకం పెట్టించుకుందామని తెచ్చానండి," అంది.

"నీకు ఇక్కడికి రావాలని ఉందా?"

"లేదండి."

క్షణం కూడా ఆలోచించలేదు. ఆ జవాబు ఏడాదిగా ఆవిడ నోట్లోనే ఉంది, నేను అడగడమే ఆలస్యం.

"ఏడో తరగతి సెలవుల్లో అమ్మతో ఊడ్పులకి వెళ్లేదాన్ని. కాళ్లకి జలగలు పట్టేవి. అరికాళ్లు పాచిపోయేవి. మళ్లీ ఆ బురదలో దిగకూడదనే చదువుకున్నానండి. అమ్మ కూడా అందుకే చదివించింది."

"మరి ఇదెందుకు రాశావు?"

"మాటిచ్చాను కదండి."

"వంకాయలు ఎవరు పండించారో నీకు తెలుసు కదా. నేను చెప్పబోయేది అబద్ధమని తెలుసు కదా."

"తెలుసండి. ఎప్పట్నుంచో తెలుసు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీరు అబద్ధం చెప్పారని నేను మాట తప్పుతానేంటండి?"

నా అబద్ధం నా పరువు కోసమేనని ఇంతసేపూ అనుకున్నాను. ఇంకో మూడు వాక్యాలు చదివి ఉంటే, ఈ మనిషి నోరు మెదపకుండా వచ్చి ఆ బురదలో దిగేది. పొద్దున్న బల్ల మీద బ్యాగు పట్టుకుని కూర్చున్నది నవ్వు ఆపుకోడానికి కాదు. చిక్కుడాకు పసరులో ఎన్ని పచ్చలున్నాయో ఏడాదంతా చూశాను. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి మొహం చూడలేదు.

అలవాటు ప్రకారం నన్ను నేను వెక్కిరించుకునే మాట ఒకటి నోటిదాకా వచ్చింది. బాగానే ఉంది కూడా, అంటే రూబీ నవ్వేది. నవ్వితే ఈ సంగతి ఇక్కడితో అయిపోయేది. ఇన్నేళ్లూ అలాగే అయిపోగొట్టుకుంటూ వచ్చానని అప్పుడు తెలిసింది. ఆ మాట మింగేశాను.

"తప్పు నాది రూబీ," అన్నాను. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది. బోరింగు కొట్టమంది. నేను కొట్టాను. ఆవిడ మొహం కడుక్కుంది.